పైపు మూతి

“నీ కాలు బరువమ్మా,” అన్నాడు మేస్త్రీ, వ్యాను కిందనుంచే.

ఆమెకి అతని చెప్పుల అడుగులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎడమ చెప్పుకి మేకు గుచ్చుకుని విరిగిన గుర్తు ఉంది. తీర్పు చెప్పింది ఆ చెప్పులే అన్నట్టుగా ఆమె వాటివంకే కోపంగా చూసింది.

వెనక చక్రానికి కాస్త ముందు ఇనప పైపు వచ్చి, కొత్తగా వేసిన రబ్బరు హోసులో కలుస్తుంది. ఆ కలిసేచోట మళ్లీ తడి. పొద్దున వ్యాను కడుగుతున్నప్పుడు ఆమే చూసింది. దుమ్ము అక్కడొక్కచోటే నల్లగా ముద్దకట్టి ఉంగరంలా పట్టుకుంది. వేలితో తీసి రుద్ది చూస్తే బ్రేకు ఆయిలు. మేస్త్రీ ఆ చోటే పానా పెట్టి, ముక్కుతూ, పావు చుట్టు బిగించాడు. కిందటిసారీ అంతే చేశాడు. అంతకు ముందుసారీ అంతే.

“కాలు బరువుకీ పైపు కారడానికీ సంబంధమేంటి మేస్త్రీ?”

“ఎందుకుండదు? నువ్వు దబ్బుమని తొక్కుతావు. లోపల ప్రెషరు పుడుతుంది. అది ఎక్కడ సందు దొరికితే అక్కడ్నుంచి బయటికొస్తుంది.”

“సందుంది కాబట్టేగా వస్తోంది?”

చెప్పులు ఒక్క క్షణం కదల్లేదు. తరవాత అతను వీపుమీద జరుగుతూ బయటికొచ్చాడు. మొహంమీద దుమ్ము, ఆ దుమ్ములో కళ్లు మాత్రం శుభ్రంగా, నొచ్చుకున్నట్టుగా ఉన్నాయి.

“నేను కొట్టిన పైపు మూతికి సందుండదు. ఈ వీధిలో ఎవర్నైనా అడుగు. నీ ఒక్క వ్యానుకే ఎందుకు కారుతుంది మరి?”

గోడ నీడలో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్న సూపర్వైజరు, ఫోను చెవినుంచి కాస్త పక్కకి జరిపి “ఏమిటంట?” అన్నాడు. ఆమెని కాదు, మేస్త్రీని.

“కాలు బరువంట సార్,” అన్నాడు మేస్త్రీ, ఆ మాట ఎవరో పెద్దవాళ్లు చెబితే తాను చేరవేస్తున్నట్టు.

సూపర్వైజరు ఆమె కాళ్లవంక చూశాడు. ఆమెకి తెలియకుండానే కుడికాలు ఎడమకాలి వెనక్కి వెళ్లింది. వెళ్లినందుకు తన మీద తనకే చిరాకేసింది.

“చూడమ్మా, పిల్లలెక్కే బండి. రిస్కు వద్దు. రేపట్నుంచి ఆ పొడుగు డ్రైవరు తోలతాడు. నువ్వు రెస్టు తీసుకో. అతని చేతిలో కారకపోతే, ఇంక నువ్వే అర్థం చేసుకోవాలి మరి. నేను నోటితో చెప్పక్కర్లేదు.”

“కారితే?”

“కారితే అప్పుడు చూద్దాం.”

అప్పుడే ఆమెకి లెక్క తెలిసింది. బిగించిన ప్రతిసారీ కొన్నాళ్లపాటు పొడిగానే ఉంటుంది ఆ కీలు. ఆ తరవాతే చెమర్చడం మొదలవుతుంది. మేస్త్రీ ఇప్పుడే బిగించాడు. అంటే పొడిగా ఉండే రోజులన్నీ పొడుగు డ్రైవరు ఖాతాలో పడతాయి. తడిసిన రోజులన్నీ ఇప్పటికే తన ఖాతాలో ఉన్నాయి. ఇంత తేలికైన సంగతి వీళ్లిద్దరికీ ఎలా చెప్పాలో తెలియక, చెప్పినా ఏ మొహం పెడతారో ముందే కనిపిస్తుండగా, ఆమె తాళంచెవి సూపర్వైజరు చేతిలో పెట్టింది. పెట్టడంకాదు, కాస్త విసిరినట్టే అయింది.

“చూశావా, ఇదే,” అన్నాడు సూపర్వైజరు. “అన్నిటికీ ఇంత బలమెందుకమ్మా నీకు?”

*

వదిన ఫ్రిజ్‌లు బాగుచేస్తుంది. పై అంతస్తులో వాళ్ల వంటగదిలో సగం గిన్నెలు, సగం రాగి పైపులు. ఏది ఎక్కడుందో వదినకి తప్ప ఎవరికీ తెలియదు. అన్న ఉప్పు కోసం డబ్బా మూత తీస్తే ఇత్తడి నట్లు ఉంటాయని ఇంట్లో అందరూ నవ్వుకుంటారు. అన్న మాత్రం నవ్వడు.

“కాలు బరువా?” వదిన పడీపడీ నవ్వింది. “మీ అన్న నడుస్తుంటే కింది వాటా వాళ్లు పైకి చూస్తారు. నీ కాలు బరువంటే మరి ఆయన కాలునేమనాలి?”

“నవ్వకు వదినా. నాకు ఒళ్లు మండిపోతోంది.”

“మండనీలే. ఇలా రా, కూచో. కాళ్లు పైకి పెట్టుకో, నేల కుంగుతుందేమో.”

సాయంత్రపు వెలుతురు కిటికీలోంచి బల్లమీద పడుతోంది. వదిన చిన్న రాగి ముక్క తీసి, పైపులు కోసే చిన్న చక్రంతో తిప్పి తిప్పి కోసింది. కోసిన అంచుని లోపలా బయటా గీకి నున్నగా చేసింది. పైపుని బెజ్జాలున్న ఇనప దిమ్మెలో బిగించబోయి, నాలిక కరుచుకుని, మళ్లీ తీసి ముందుగా నట్టుని ఎక్కించింది.

“ఇన్నేళ్లయినా ఇదొక్కటి మర్చిపోతాను. మూతి కొట్టేశాక నట్టు ఎక్కదు. మళ్లీ కోసుకుని మొదట్నుంచి చేసుకోవాలి.”

దిమ్మెమీద కాడ పెట్టి మర తిప్పుతుంటే, కాడ చివరి మొన పైపు నోట్లోకి దిగింది. రాగి కొద్దికొద్దిగా విచ్చుకుంది. తీసి చూపిస్తే పైపు మూతి చిన్న బాకాలా ఉంది. అద్దంలా మెరుస్తోంది.

“ఇదే ఫ్లేరు. దీని కోణం నలభై అయిదు డిగ్రీలు. ఇదిగో, ఇది చూడు, నట్టు బిగించే ముక్క. మధ్యలో చిన్న గుట్టలా ఉంది కదా. ఆ గుట్ట వాలు కూడా నలభై అయిదే. పైపు మూతి దాని నెత్తిన టోపీలా కూచుంటుంది. చుట్టూరా తాకుతుంది. తాకింది కాబట్టి కారదు. బలంకాదే పిల్లా, తాకడం.”

“ఇది రాగి. మాది ఇనుము.”

“మీకు ప్రెషరెక్కువ, అందుకని మూతిని రెండు మడతలు వేస్తారు. అంతే తేడా.” వదిన ఇంకో ముక్క తీసి ఆమె చేతిలో పెట్టింది. “ఇప్పుడు దీన్ని చూడు. తేడా ఏమైనా కనబడుతోందా?”

ఆమె రెండూ పక్కపక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. కవలల్లా ఉన్నాయి.

“రెండోది ముప్ఫై ఏడు డిగ్రీలు. పెద్ద పెద్ద యంత్రాలకి వాడతారు. ఒకసారి నాకు కొట్టువాడు ఇది అంటగట్టాడు. మర ఎక్కింది, నట్టు తిరిగింది, అంతా బానే ఉంది. మర్నాటికి గ్యాసంతా గాలిలో కలిసింది. మళ్లీ బిగించాను. మళ్లీ కారింది. ఇంకా బిగించాను, మూతే చిట్లింది. వాలు కలవకపోతే అంచు ఒక్కటే తాకుతుంది. నువ్వు బిగించినకొద్దీ ఆ అంచు నలిగి, కాసేపు మూసుకున్నట్టు నటిస్తుంది.”

నటిస్తుంది అన్నమాట దగ్గర ఆమె ఆగిపోయింది. కొన్నాళ్లు పొడి, తరవాత తడి.

“అదే వదినా. అదే అయ్యుంటుంది. ముప్ఫై ఏడు.”

“అయ్యుంటుంది ఏంటి, అదే. వెళ్లి ఆ మహానుభావుడి మొహానే చెప్పు.”

*

చెప్పింది. చెప్పకపోయినా బాగుండేదని చెప్పిన మరుక్షణమే అనిపించింది.

మేస్త్రీ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలు విడివిడిగా తుడిచాడు. బల్ల సొరుగు లాగి, రేకుతో చేసిన చిన్న గేజి తీశాడు. కట్టగట్టి ఉన్న బ్రేకు పైపుల్లోంచి ఒకటి లాగి, దాని మూతిమీద గేజి ఆనించి, ఆమె కళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు. రేకుకీ మూతికీ మధ్య వెలుతురు లేదు.

“ఏమని రాసుంది దీనిమీద? చదువు.”

“నలభై అయిదు.”

“ఇంకోటి తియ్యనా? కట్టంతా చూస్తావా?”

పక్కన స్కూటరు విప్పుతున్నవాడు తల తిప్పకుండానే కిసుక్కుమన్నాడు.

“మరి ఆ హోసు?” అంది ఆమె. గొంతు తనకే సన్నగా వినిపించింది. “హోసు కొత్తది వేశారుగా? దాని లోపల కూడా నలభై అయిదేనా?”

“కంపెనీ హోసు. మర ఎక్కిందా? ఎక్కింది. నట్టు అడుగుకి దిగిందా? దిగింది. ఇంకేం కావాలి? చూడమ్మా, ఫ్రిజ్ వేరు, బండి వేరు. మీ వదినగారికి నా నమస్కారాలు చెప్పు. అయిసు చేసుకోమను.”

వీధిలోకి వచ్చేసరికి మొహం ఇంకా కాలుతోంది. తప్పయింది. కోణం సంగతిలో వదిన తప్పు, వదినని నమ్మి వచ్చిన తను తప్పు. అయితే తన మొత్తం ఫిర్యాదే తప్పా? మనసులో ఒక మూల ఎవరో నెమ్మదిగా అడగడం మొదలుపెట్టారు: నిజంగానే నీ కాలు బరువేమో? ఇన్నేళ్లుగా ఎవరూ మొహమాటానికి చెప్పలేదేమో? ఆమె నడుస్తూనే కుడి అడుగు చప్పుడు విన్నది, ఎడమ అడుగు చప్పుడు విన్నది. కుడిదే కాస్త గట్టిగా పడుతున్నట్టుంది. విన్నకొద్దీ ఇంకా గట్టిగా పడుతోంది. నడక మర్చిపోయినదానిలా తడబడి, ఒక మెట్టుమీద కూలబడింది. దారినపోయే ముసలావిడ “బెణికిందా అమ్మా?” అని అడిగింది. “లేదండీ, బరువెక్కింది,” అంది ఆమె, కసిగా.

కూర్చున్నది వ్యాను వచ్చే దారిలోనే అని తరవాతగానీ గుర్తించలేదు. పిల్లల్ని దింపేసి ఖాళీగా వస్తూ పొడుగు డ్రైవరు ఆమెని చూసి ఆపాడు. ఆపేముందు వ్యాను ముక్కు ఒకసారి కొద్దిగా వంగి, లేచి, మళ్లీ వంగడం ఆమె చూసింది.

అతను మంచివాడే. కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి, “ఏమనుకోకు అక్కా, నేనడిగి తీసుకున్నది కాదు,” అన్నాడు.

“తెలుసులే. బ్రేకెలా ఉంది?”

“వెన్నలా ఉంది. మొదట కొంచెం లోపలికి పోతుంది, రెండోసారి తొక్కితే పట్టుకుంటుంది. పాత బండి కదా, మామూలే.”

“రెండోసారా?”

“నువ్వూ అలాగే తోలేదానివి కదా? పిల్లలే చెప్పారు. అక్క రెండుసార్లు తొక్కుతుందండీ అని.”

రెండుసార్లు తొక్కుతున్నట్టు ఆమెకి తెలియదు. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు. మనసుకి చెప్పకుండా కాలు తనంతట తనే కనిపెట్టుకుని, తనంతట తనే సర్దుకుని, పిల్లల్ని ఇళ్లకి చేరుస్తూ వచ్చింది. ఆ కాలునే వీళ్లు దోషిగా నిలబెట్టారు.

“ఆయిలు పోశావా?”

అతను అటూ ఇటూ చూశాడు. “కొంచెం తగ్గితే పోశాను. చిన్న విషయం. సూపర్వైజరుకి చెప్పి ఏం లాభం, ఊరికే గోల. చెప్పకు అక్కా.”

అదీ సంగతి. తన కాలి కింద కారితే అది కాలి తప్పు. అతని కాలి కింద కారితే పాత బండి. ఆమె ఫోను తీసి అక్కడికక్కడే సూపర్వైజరుకి చేసింది. బిగించి ఎంతో కాలేదు, అప్పుడే కారుతోందంటే మూతి చిట్లుతోందని, ఈసారి బొట్లుబొట్లుగా కాక ఒక్కసారిగా పోతుందని, పిల్లలుంటారని చెప్పింది. అవతల అతను అంతా విన్నాడు. వినడం అయ్యాక పెద్దవాళ్లు చిన్నవాళ్లతో మాట్లాడే గొంతుతో, “అతని మీద అసూయ పడకమ్మా,” అన్నాడు.

*

పొద్దున పిల్లల ట్రిప్పుకి ముందే ఆమె యార్డుకి వెళ్లింది. వదిన పానాల్లోంచి సరిపోయేది వెతికి తీసుకుంది. ఏం చేయబోతోందో వదినకి చెప్పలేదు. వదిన అడగలేదు గానీ పాత చొక్కా ఒకటి ఇచ్చి, “ఇది వేసుకుపో, మంచిది పాడవుతుంది,” అంది.

పొడుగు డ్రైవరు అద్దాలు తుడుస్తున్నాడు. ఆమె అతన్ని దాటి, నేలమీద గోనె పరుచుకుని, వీపుమీద వ్యాను కిందకి జరిగింది.

“అక్కా, ఏంటిది?”

“చక్రానికి రాయి పెట్టు. ఆ తరవాత ఎవర్ని పిలుస్తావో పిలుచుకో.”

అతను రాయి పెట్టాడు. తరవాత సూపర్వైజరుని పిలిచాడు.

కిందనుంచి చూస్తే బండి వేరేగా ఉంది. పైన కూర్చుని ఇన్నేళ్లు తోలినదాని కడుపు ఇది. కీలు మళ్లీ తడిసే ఉంది. నట్టు మొండికేసింది. బిగించినవాళ్ల బలమంతా దాంట్లో దాక్కుని ఉంది. రెండు చేతులతో పట్టి లాగితే ఒక్కసారిగా కిర్రుమని వదిలింది. ఆయిలు మోచేతిదాకా కారింది. బయట సూపర్వైజరు బూట్లు వచ్చి ఆగాయి.

“పిచ్చి పట్టిందా నీకు? ట్రిప్పు టైమవుతోంది! పిల్లలు ఎదురుచూస్తుంటారు!”

“ఇంకో బండి పంపండి సార్. ఇది కదలదు. ఆయిలంతా నా ఒంటిమీదే ఉంది.”

“పోలీసులకి చెప్తాను!”

“మేస్త్రీకి చెప్పండి ముందు.”

తిట్లు చాలాసేపు వినిపించాయి. వాటి మధ్యలోనే ఇంకో వ్యాను కోసం ఫోన్లు కూడా వినిపించాయి. ఆమె టార్చి వెలిగించి పైపు మూతిని చూసింది. బాకాలా విచ్చుకునే ఉంది, వదిన కొట్టినట్టే. కానీ దాని వాలంతా మసకగా ఉంది. అంచు ఒక్కటే గోరు గీతంత మేర మెరుస్తోంది. ఆ మెరుపులో వెంట్రుకలాంటి చీలిక. తరవాత హోసు నోట్లోకి వెలుగు వేసింది. లోపల గుట్ట కోసం చూసింది. మూతి టోపీలా కూర్చోవడానికి ఉండాల్సిన గుట్ట.

లేదు. టార్చి అటూ ఇటూ తిప్పింది. కన్ను మార్చి చూసింది. వేలు పెట్టి చూసింది. లోపల గుట్ట లేదు, గుంత ఉంది. గిన్నె అడుగులా నున్నగా వంగిన గుంత.

మేస్త్రీ వచ్చాడు. పైనుంచే ఏదో అనబోతున్నాడు. “పడుకో మేస్త్రీ,” అంది ఆమె. “ఒక్కసారి పడుకుని చూడు. తరవాత ఎంతసేపైనా తిట్టు.”

అతను సణుగుతూ పక్కనే వీపుమీద జరిగాడు. ఇద్దరి తలలూ దగ్గరదగ్గరగా, వ్యాను కడుపు కింద. ఆమె వెలుగు పట్టుకుంది. అతను హోసుని తనవైపు వంచుకున్నాడు. చూశాడు. చిటికెన వేలు లోపల పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. అతని ఊపిరి ఆమెకి వినిపిస్తోంది.

“గుంత,” అన్నాడు చివరికి.

ఇంకేమీ అనలేదు. ఆమె అనమని అడగలేదు. అడగాలని లేక కాదు. ఇన్నాళ్లుగా సిద్ధంచేసి పెట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి గానీ, అంత దగ్గరగా పడుకున్న మనిషితో, పైకి చూస్తూ, దెబ్బలాడటం ఎలాగో తెలియలేదు.

అతను బయటికి జరిగి సైకిలుమీద కొట్టుకి వెళ్లి పెట్టె తెచ్చుకున్నాడు. చిట్లిన మూతిని కోసేశాడు. నట్టు ఎక్కించాడు. పెట్టె అడుగునుంచి, ఆయిలు కాగితంలో చుట్టి ఉన్న వేరే అచ్చు తీసి పైపు చివర నొక్కాడు. ఇనుము బాకాలా విచ్చుకోలేదు. మొగ్గలా ఉబ్బి, ఆ గుంతకి సరిపడేలా గుండ్రంగా ఆగింది. ఎప్పుడూ కొట్టే మూతిలో ఇది సగం పని. ఈ మొగ్గలాంటిదాన్నే రెండో నొక్కుతో లోపలికి మడిచి బాకా చేస్తాడు. ఇన్నేళ్లుగా ఆ రెండో నొక్కు ఆలోచించకుండానే పడిపోతుంది. ఇప్పుడు కూడా అతని చెయ్యి దానంతటది రెండో నొక్కు కోసం మరమీదకి వెళ్లింది. వెళ్లి, గాలిలో ఆగి, వెనక్కి వచ్చింది. అది ఆమె చూసింది.

“ఎక్కు,” అన్నాడు. “పైపులో గాలి తీయాలి. తొక్కు అంటే తొక్కు. పట్టు అంటే పట్టుకో.”

“నా కాలు పరవాలేదా?”

అతను వినిపించుకోనట్టు చక్రం దగ్గరికి వెళ్లాడు.

తొక్కు. పట్టు. వదులు. తొక్కు. పట్టు. గొట్టంలోంచి బుడగలు వస్తున్న చప్పుడు, తరవాత బుడగలు లేని చప్పుడు. పెడలు కొద్దికొద్దిగా పైకి వచ్చి, గట్టిపడి, అడుగు కింద రాయిలా నిలబడింది. కీలుని అతను గుడ్డతో తుడిచి, పొడి కాగితం చుట్టి, ఆమెని బలంకొద్దీ తొక్కమన్నాడు. తొక్కింది. కాగితం విప్పి ఆమెకి చూపించాడు. తెల్లగా ఉంది.

“ఏమైంది? ఏమిటంట?” అన్నాడు సూపర్వైజరు గేటు దగ్గర్నుంచి.

“హోసు మోడలు మారింది సార్. మూతి మార్చాను.” ఆ మాట మేస్త్రీ పెట్టె సర్దుకుంటూ, కిందకి చూస్తూ చెప్పాడు. ఎవరు మార్చి ఉండాల్సిందో చెప్పలేదు. సూపర్వైజరుకి అది పట్టలేదు. ఆమెకి పళ్లు కొరకాలనిపించింది.

“ఒక రౌండు వేద్దాం,” అంటూ మేస్త్రీ వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

వీధి చివరిదాకా బాగానే వెళ్లారు. మలుపులో వేగం తగ్గించాల్సి వచ్చి ఆమె పెడలు తాకింది. తాకిందో లేదో బ్రేకు పట్టుకుంది. అది ఆమెకి తెలిసేలోపే కాలు రెండోసారి తొక్కేసింది, రోజూలాగే, అడుగుదాకా. వ్యాను గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది. మేస్త్రీ ముందుకి తూలి, రెండు చేతులూ అద్దానికి ఆనించి, నుదురు కాపాడుకున్నాడు. వెనక సీటు కింద ఎవరో పిల్లల నీళ్లసీసా దొర్లుకుంటూ ముందుకొచ్చింది.

మేస్త్రీ వంగి దాన్ని అందుకుని వెనక సీట్లో పెట్టాడు.

తిరిగి యార్డు గేటు దగ్గర ఆపబోతే మళ్లీ అదే. మొదటిది మనసు తొక్కింది, రెండోది కాలు తొక్కింది. సూపర్వైజరు ఒక అడుగు వెనక్కి గెంతాడు.

“చూశావా మేస్త్రీ! నేనప్పుడే చెప్పలేదూ? కాలు!”

ఆమె చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆ మాట నిజం. ఇన్నాళ్లూ అబద్ధంగా ఉన్నది, ఈ పొద్దున్నుంచే నిజమైంది. కారే బ్రేకుతో బతకడం నేర్చుకున్న కాలు, కారని బ్రేకుకి బరువైపోయింది. దాన్ని ఈ మనిషికి ఎలా చెప్పడం? ఎక్కడినుంచి మొదలుపెట్టడం? మేస్త్రీ ఆమె కాలివంక చూస్తున్నాడని ఆమెకి తెలుసు. అతనికి అర్థమైందని కూడా తెలుసు. అతని చెయ్యి మరమీదకి వెళ్లి ఆగిన తీరు ఆమె చూసింది కాబట్టి.

“కాలు కాదు సార్,” అన్నాడు మేస్త్రీ. “బ్రేకుది. కొత్త మూతి కదా, ఇంకా కూచోలేదు. కాసేపట్లో సర్దుకుంటుంది.”

“నిజంగానా?”

“నా పనే సార్. నాకు తెలీదా?”

పచ్చి అబద్ధం. మొగ్గ మొదటి నొక్కుకే గుంతలో కూర్చుంది, ఇంక సర్దుకోవాల్సిందేమీ లేదు. తప్పున్నప్పుడు పనిని వెనకేసుకొచ్చి కాలుని అన్నవాడు, ఇప్పుడు తప్పులేని పనిని తనే నిందించి కాలుని దాస్తున్నాడు. దీనికి సంతోషించాలో, ఇప్పుడైనా ఉన్నమాట అనలేనందుకు మళ్లీ తిట్టాలో ఆమెకి తేలలేదు. “రేపట్నుంచి నువ్వే తోలు గానీ, ఇంకెప్పుడూ పానా ముట్టుకోకు,” అని సూపర్వైజరు ఏదో చెబుతూనే ఉన్నాడు.

“ఇంకో రౌండు,” అన్నాడు మేస్త్రీ, సీటు అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటూ.

ఆమె గేరు వేసింది. వీధి, గోడలు, మలుపు. మలుపుకి ముందే కాలు పెడలు మీదకి వచ్చి కాచుకుని ఉంది. ఒకసారి తొక్కింది. వ్యాను మెత్తగా ఆగింది. రెండో తొక్కు పిక్కదాకా వచ్చి, అక్కడే వణుకుతూ ఉండిపోయింది.